ఓర్పు కోసం ప్రార్థించమన్న మాస్టారు: ఒక కేస్ స్టడీ

సంఘ కాపరిగా, అంటే పాస్టరుగా, ఇది నాకు పంతొమ్మిదో ఏడు. మధ్యలో కొన్ని నెలలు ఒక ఆసుపత్రిలో రోగుల మంచాల పక్కన కూర్చుని వినే శిక్షణ తీసుకున్నాను. సంభాషణ అయ్యాక గదికి వెళ్లి, అవతలి మనిషి ఏమన్నాడో, మనమేమన్నామో ఉన్నదున్నట్టు రాసుకుని మర్నాడు తోటివాళ్ల ముందు చదవాలి. అదీ అక్కడి పద్ధతి. చదువుతుంటే మన మాటలు మనకే గుచ్చుకుంటాయి. ఈ కేసు కూడా అలాంటి నోట్సులోంచి రాస్తున్నదే. ఇందులో ఎక్కువ తప్పులు నావి.

మాస్టారి అనుమతి, ఆయన కూతురి అనుమతి తీసుకున్నాను. ఆయన భార్య పెద్దమ్మ అనుమతి తీసుకునే వీలు లేదు. అందుకని ఆమె గురించి అవసరమైనంతే రాస్తున్నాను. ఊరు, వయసులు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. ప్రకాశం వైపు ఒక చిన్న టౌన్‌లో సొంత ఇల్లు. సంఘంలో కోశాధికారి. కానుకల లెక్కలో రూపాయి తేడా వస్తే రాత్రి నిద్రపోయే మనిషి కాదు. పెద్దమ్మ స్త్రీల సమాజంలో ముప్పై ఏళ్లు పాటలు ఎత్తుకుంది. కీర్తనల పుస్తకం తెరవకుండా చరణాలన్నీ పాడేది. కొడుకు అమెరికాలో, కూతురు హైదరాబాద్‌లో.

మొదట పెద్దమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. తర్వాత కూరగాయలకు వెళ్లి పక్క వీధిలో నిలబడిపోయింది. గుంటూరులో నరాల డాక్టరు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బని చెప్పి అప్పటికి మూడేళ్లయింది. ఇంట్లో ఇద్దరే. వంట, స్నానం చేయించడం, మాత్రలు, రాత్రి తలుపు గొళ్లెం పెట్టుకోవడం, అన్నీ మాస్టారే. పనిమనిషి వచ్చి గిన్నెలు తోమి వెళ్లేది. కూతురు నెలకోసారి వచ్చేది.

సంఘంలో అందరం ఆయన్ని చూసి మెచ్చుకునేవాళ్లం. "ఓర్పంటే మాస్టారిదండీ" అని నేనే రెండు ప్రసంగాల్లో అన్నాను.

ఆయన చెప్పిన సమస్య

ఒకరోజు మధ్యాహ్నం వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. "అయ్యగారూ, నోరు పారేసుకుంటున్నాను. నాకు ఓర్పు కావాలి. ప్రార్థన చెయ్యండి" అన్నారు.

విషయం ఏమిటంటే, పెద్దమ్మ ఒకే ప్రశ్న అడుగుతోంది: "మా నాన్న వచ్చాడా?" ఆమె తండ్రి పోయి నలభై ఏళ్లు దాటింది. మాస్టారు ఆ నిజమే చెబుతారు. ఆమెకు అది అప్పుడే తెలిసినట్టు ఏడుస్తుంది. ఏడ్చి మరిచిపోయి, పది నిమిషాలకు మళ్లీ అడుగుతుంది. "ఒకరోజు లెక్కపెట్టాను. నలభై మూడుసార్లు. నలభై నాలుగోసారి అరిచాను. వీధిలోవాళ్లు గేటు దగ్గరికొచ్చారు."

నా నోట్సులో ఆ రోజు "సమస్య: ఓర్పు కొరవడడం" అని ఉంది. ఆయన నోటి మాటనే నేను రోగ నిర్ధారణగా రాసేసుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లి "నాకు టైఫాయిడ్, మందివ్వండి" అంటే ఏ డాక్టరూ అలా రాసిచ్చెయ్యడు. మాకు మాత్రం ఆ అలవాటుంది.

నేను చేసినవి, చెడినవి

మొదట వాక్యం ఇచ్చాను. అన్నీ పోగొట్టుకున్న యోబు ఓర్పు గురించి బైబిల్లో యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది కదా, అది రోజూ ధ్యానించమన్నాను. ఆయన వంటింటి గోడకు పాత పలక తగిలించి, సుద్దముక్కతో ఆ వచనం రాసుకున్నారు. రెండోది ఉపవాసం. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పెద్దమ్మను వదిలి ఆయన రాలేరు కాబట్టి ఇంట్లోనే ఉండమన్నాను. మూడోది, ఒక ఆదివారం సాక్ష్యం, అంటే సంఘం ముందు తన అనుభవం, చెప్పించాను. మెచ్చుకోలు మనిషిని నిలబెడుతుందనుకున్నాను. నాలుగోది, స్త్రీల సమాజం వాళ్లను ఇంటికి పంపాను.

నాలుగూ ఎదురు తిరిగాయి. స్త్రీల సమాజం నుంచి ఎనిమిది మంది ఒక సాయంత్రం వెళ్లి, మంచం చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన చేశారు. పెద్దమ్మ భయపడి మంచం కోడు పట్టుకుని వదల్లేదు. సాక్ష్యం ఇంకా చెడ్డపని చేసింది. "ఆదివారం అందరి ముందు ఓర్పు గురించి చెప్పి, సోమవారం అరిచి, మంగళవారం మీ దగ్గరికి ఏ మొహంతో రావాలి?" అని తర్వాత అడిగారు. ఆయన నిజం చెప్పుకునే ఒక్క తలుపునూ నేనే మూసేశాను. ఉపవాసం సంగతి కిందికి వస్తుంది.

యోబు గురించి ఒక మాట. మేము కాపరులం యోబు ఓర్పు అంటే గ్రంథంలో మొదటి రెండు అధ్యాయాలే చెబుతాం. అన్నీ పోయాయి, అయినా దేవుణ్ణి దూషించలేదు అని ముగిస్తాం. మూడో అధ్యాయం మొదట్లోనే ఆయన తాను పుట్టిన రోజును శపిస్తాడు. ఆ తర్వాత పుస్తకంలో చాలా భాగం వాదనే. అలా మొరపెట్టినవాడినే యాకోబు పత్రిక ఓర్పుకు మాదిరిగా చూపిస్తోంది. నేను మాస్టారికి రెండు అధ్యాయాల యోబునే ఇచ్చాను. దాంతో ఆయనకు మొరపెట్టే హక్కు కూడా లేకుండా పోయింది.

ఆరు వారాల తర్వాత ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. మాస్టారు లోపలికి రాలేదు. మెట్ల మీదే నిలబడి, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. ఆకుపచ్చ గాజు ముక్కలు మూడు.

"కొట్టానయ్యగారూ. చేతి మీద."

ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం

ఓదార్చాలనీ, దేవుడు క్షమిస్తాడని వెంటనే చెప్పేయాలనీ అనిపించింది. ఆసుపత్రి శిక్షణ అక్కడ పనికొచ్చింది. ముందు పెద్దమ్మ సంగతి అడిగాను. ఇప్పుడు ఇంట్లో ఒక్కతే ఉందా? చెయ్యి తెగిందా? కింద పడిందా? ఇదివరకెప్పుడైనా జరిగిందా? పక్కింటామె కూర్చుంది, చిన్న గీత పడింది, పడలేదు, ఇదే మొదటిసారి అన్నారు. తర్వాత అడగడానికి ఇబ్బందైన ప్రశ్న: "ఇద్దరం పోతే బాగుండు అని ఎప్పుడైనా అనిపించిందా మాస్టారూ?" చాలాసేపు మాట్లాడలేదు. "అనిపించింది. చెయ్యను" అన్నారు.

చెయ్యను అన్న మాటను నమ్మాను. కానీ దాని మీదే ఆ రాత్రిని వదిలెయ్యలేదు. నా దగ్గర ఒప్పుకున్న మాట బయటికి పోదు, అది నియమం. అయితే ఆ ఇంట్లో తన తరఫున మాట్లాడుకోలేని మనిషి ఒకరున్నారు. ఈ రెండింట్లో ఆమె క్షేమానిదే పైచెయ్యి. ఆయన వెనకాల ఏమీ చెయ్యదలచుకోలేదు కాబట్టి ముందే చెప్పాను: "మీ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. మీ ఎదురుగానే. మా ఆవిడ ఈ రాత్రి పెద్దమ్మ దగ్గర పడుకుంటుంది. మీరు మా ఇంట్లో పడుకోండి." తల ఊపారు. కూతురు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. మానసిక సహాయానికి టెలీ మానస్ నంబరు 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఆమె ఫోన్లో ఎక్కించాను. మాస్టారు ఆ రాత్రి మా ముందు గదిలో పదకొండు గంటలు ఏకంగా నిద్రపోయారు. ఎన్నాళ్లకో.

ఎర్ర ఇంకు రిజిస్టరు

రెండు రోజుల తర్వాత ఒక పొడుగు హాజరు పట్టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను ఉపవాసం చెప్పిన రోజు నుంచి తన తప్పులన్నీ అందులో రాసుకున్నారట, ఎర్ర ఇంకుతో. తేదీ, టైము, ఏం జరిగింది. "విసుక్కున్నాను." "అరిచాను." "ఆమెను గదిలో ఉంచి బయట గొళ్లెం, 5 నిమిషాలు." లెక్కల మాస్టారు కదా, టైము నిమిషాలతో సహా వేశారు.

ఆయన దాన్ని పాపాల చిట్టాగా ఇచ్చారు. నేనూ అలాగే చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో కళ్లు టైముల గడి మీద నిలిచాయి. 4.40. 5.15. 6.10. 5.50. ఉదయం పూట దాదాపు ఏమీ లేదు. సగానికి పైగా సాయంత్రం నాలుగుకీ ఏడుకీ మధ్యలో. ఇంకో సంగతి, శుక్రవారాల దగ్గర వరసలు పెరిగాయి.

"మాస్టారూ, మీకు సుగర్ ఉందా?"

"పన్నెండేళ్ల నుంచి."

"ఉపవాసం రోజు మాత్ర?"

"వేసుకుంటాను. మాత్ర మానకూడదు కదండీ."

నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. కొన్ని రకాల సుగర్ మాత్రలు వేసుకుని తిండి మానేస్తే చక్కెర పడిపోవచ్చు. అప్పుడు చెమట, వణుకు, చిరాకు వస్తాయి. ఆ గాజు పగిలింది శుక్రవారం సాయంత్రం. ఆయన చేసిన పనికి ఆయన బాధ్యుడే, అందులో వెనక్కి తగ్గను. కానీ ఆ సాయంత్రం ఆయన్ని ఆ అంచు దాకా నడిపించిన వాళ్లలో నేనొకణ్ణి. ఆ మాట ఆయనకు చెప్పి క్షమాపణ అడిగాను.

నాలుగు నుంచి ఏడు సంగతి ఆయనకు వైద్యం చేసే డాక్టరు చెప్పారు. ఈ జబ్బులో చాలామందికి పొద్దు వాలే వేళకు కలవరం ఎక్కువవుతుంది. వెలుతురు తగ్గడం, నీడలు, రోజంతటి అలసట అన్నీ కలుస్తాయి. అంటే పెద్దమ్మ కలవరం పెరిగే గంటా, మాస్టారి శక్తి అడుగంటే గంటా ఒకటే.

తెలుగులో మనం "ఓపిక లేదు" అంటాం. ఆ మాటకు విసుగొస్తోందనీ అర్థమే, ఒంట్లో సత్తువ లేదనీ అర్థమే. ఇంట్లో ఏ ముసలమ్మనడిగినా ఈ రెండూ ఒకటేనని చెబుతుంది. గుడిలోకి వచ్చేసరికి మేము "ఓర్పు", "దీర్ఘశాంతము" అనే మాటలు వాడతాం. అప్పుడు సత్తువ సంగతి జారిపోయి గుణం ఒక్కటే మిగులుతుంది. మాస్టారు దేవుణ్ణి ఓర్పు అడుగుతున్నారు, ఒంట్లో ఓపిక లేదు. గలతీ పత్రిక 5వ అధ్యాయంలో దీర్ఘశాంతము ఆత్మ ఫలాల్లో, అంటే దేవుని ఆత్మ మనిషిలో పండించే గుణాల్లో, ఒకటి. ఫలం అన్న మాటను మేము ప్రసంగంలో వాడినంతగా పొలంలో పెట్టి చూడం. లూకా సువార్త 13లో కాపులేని అంజూరపు చెట్టును నరికేయమంటే తోటమాలి ఇంకొక్క ఏడు గడువు అడుగుతాడు. ఊరికే అడగడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. నేను మాస్టారికి ఎరువు వెయ్యలేదు. కాయలు లెక్కపెట్టమన్నాను.

పనిచేసినవి

ఉపవాసం ఆపేశాం. ఆయన తేలిగ్గా ఒప్పుకోలేదు, డాక్టరు చేత చెప్పించాల్సి వచ్చింది. నాలుగింటికి ఇద్దరికీ ఉప్మానో ఇడ్లీనో పెట్టుకోవాలని, చీకటి పడకముందే హాల్లో లైట్లు వెయ్యాలని అనుకున్నాం. ఇవి చిన్నవి. రెండు వారాల్లో రిజిస్టరులో తేడా కనబడింది.

సాయం తీసుకోవడం దగ్గర పెద్ద పేచీ వచ్చింది. ఎనిమిది మంది బదులు ఒక్కరే, మంగళవారం, శుక్రవారం, నాలుగు నుంచి ఆరు దాకా వచ్చి పెద్దమ్మ దగ్గర కూర్చుంటారని, ఆ రెండు గంటలు మాస్టారు బయటికి వెళ్లాలని నా ఆలోచన. "నా సిలువ నేనే మోయాలి అయ్యగారూ" అన్నారు. కురేనీయుడైన సీమోను యేసు సిలువ మోశాడు కదా అన్నాను. "ఆయన్ని సైనికులు బలవంతంగా పట్టుకొచ్చారు" అన్నారు. లెక్కల మాస్టారితో వాదన ఇలాగే ఉంటుంది.

చివరికి ఆయన్ని కదిలించింది మా ప్రాంతం కథే. ఓర్పు గురించి ఈ వైపు బాప్టిస్టు సంఘాల్లో ఎవరు ప్రసంగం చేసినా రెండు తేదీలు చెబుతారు. 1854 జనవరి 1న మిషనరీ జ్యూయెట్ దొరగారితో కలిసి ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మధ్యలో 24 ఏళ్లు. ఆదివారం బడిలో మాస్టారు ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో. "ఆ 24 ఏళ్లలో ఏం జరిగింది మాస్టారూ?" అన్నాను. ఆయనే చెప్పారు. 1866లో ఇంకో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876 నుంచి 78 దాకా కరువు. జనం చచ్చిపోతుంటే బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల మేర కాంట్రాక్టు తీసుకుని తవ్వించి కూలి ఇచ్చాడు. కూటి కోసం చేరారన్న మాట రాకుండా ఆ కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు.

చెప్పి కాసేపు ఊరుకున్నారు. "మూడున్నర మైళ్లు ఒక్కడే తవ్వలేదు లెండి" అన్నారు. ఆ శుక్రవారం నుంచి మనిషి వచ్చింది.

వచ్చిన ఆమె మా సంఘంలో ఒక విధవరాలు, మాటలు తక్కువ. ఎలా ప్రార్థించాలి అని నన్నడగలేదు. చింతపండు బుట్ట తెచ్చుకుని పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరూ గింజలు తీశారు. పెద్దమ్మ వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుంది. మధ్యలో ఆమె ఒక పాత కీర్తన సన్నగా ఎత్తుకుంటే, మొగుడి పేరు ఒక్కోసారి తప్పిపోయే పెద్దమ్మ మూడు చరణాలు తప్పు లేకుండా పాడింది. మాస్టారు ఆ రెండు గంటలు కాలవ వంతెన దగ్గర టీ బంకులో కూర్చుని వచ్చేవారు. మొదటి వారం ఇరవై నిమిషాలకే తిరిగొచ్చారట.

ఇక "మా నాన్న వచ్చాడా?" దీని మీద మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. నిజం చెబితే ఆమెకు రోజుకు నలభైసార్లు తండ్రి చనిపోతున్నాడు. "వస్తున్నాడు" అంటే ఆమె గేటు దగ్గర నిలబడుతుంది, పైగా మాస్టారు ఆ మాట అనలేరు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని కదా ప్రభువు చెప్పింది. అబద్ధం ఆడమంటారా?" అని సూటిగా అడిగారు. ఆయన మనస్సాక్షిని తొక్కే సలహా ఇస్తే అది ఎక్కువ రోజులు నిలవదు. అందుకని మూడో దారి వెతికాం. ఆమె ఈ ప్రశ్న అడిగేది దీపాలు పెట్టే వేళ. ఆ వేళ చిన్నపిల్లకు ఇంట్లో పెద్దవాడున్నాడన్న ధైర్యం కావాలి. వచ్చాడా రాలేదా అని తేల్చకుండా, ఆ నాన్న గురించే అడగండి అన్నాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "మీ నాన్న సంత నుంచి ఏం తెచ్చేవాడు అనడిగానయ్యగారూ. జీళ్లు అంది. కాయితంలో చుట్టి తలపాగాలో పెట్టుకొచ్చేవాడట. పెళ్లయి నలభై ఎనిమిదేళ్లు. ఈ మాట నేనెప్పుడూ వినలేదు." గొంతు మారింది.

ఎప్పుడూ పనిచేస్తుందనుకోవద్దు. "జీళ్లు సరే, నాన్న ఏడీ?" అని నిలదీసిన రోజులున్నాయి. అప్పుడు ఆయన పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కుని వస్తారు. అదీ రిజిస్టరులో రాస్తారు, నల్ల ఇంకుతో.

పలక మీది వచనం చెరిపి బైబిల్లో దావీదు 13వ కీర్తన చదువుకోమన్నాను. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. మొరపెట్టడానికి ఆయనకు సొంత మాటలు దొరకవు, దావీదు మాటలు అరువిద్దామని నా ఉద్దేశం. వారం తర్వాత ఆయనన్నది నేను ఊహించలేదు: "దావీదు కూడా అడిగిందే అడిగాడయ్యగారూ. దేవుడు విసుక్కున్నట్టు అందులో లేదు."

మధ్యలో ఒక గండం

నాలుగో నెలలో పెద్దమ్మకు రెండు రోజుల్లో అంతా తలకిందులైంది. రాత్రంతా మేలుకుని, గోడ మీద ఎవరో ఉన్నారని చూపించింది, తిండి ముట్టలేదు. సంఘంలో ఇద్దరు ముగ్గురు దయ్యమన్నారు. విడుదల ప్రార్థనకు పక్క ఊరి నుంచి ఒకాయన్ని తెస్తామన్నారు. మాస్టారు ఊగిసలాడారు. "ఈ జబ్బు నెలల మీద నడుస్తుంది, రెండు రోజుల్లో దూకదు, ఇంకేదో ఉంది, ముందు ఆసుపత్రి" అని నేను పట్టుబట్టాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. పెద్దవయసు వాళ్లకు జ్వరం కూడా లేకుండా ఇది మతి మీదికి వస్తుందని డాక్టరు చెప్పారు. మందులతో వారానికి మునుపటి స్థితికి వచ్చింది. ఆ వారంలో ఓర్చుకోమని చెప్పి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో.

నా పనిలో మారింది

ఓర్పు కోసం ప్రార్థించమని ఎవరొచ్చినా ఇప్పుడు ముందు అడిగేది, ఏ పూట అని. తర్వాత, నిద్ర ఎన్ని గంటలు, తిన్నారా, ఏం మాత్రలు వాడుతున్నారు. ప్రార్థన చేస్తాను, కానీ ఇవి అడిగాకే. కష్టం నడుస్తుండగా ఎవరి చేతా సాక్ష్యం చెప్పించను. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడపిల్లకు ఓర్చుకోమన్న పాత రోజులు కూడా నాకున్నాయి. ఆ కేసులు రాయడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

ఇప్పటి స్థితి

పదకొండు నెలలైంది. చెయ్యి మళ్లీ లేవలేదని మాస్టారూ, విడిగా పనిమనిషీ చెప్పారు. అరవడం పూర్తిగా పోలేదు, పోయిన నెల రిజిస్టరులో ఎర్ర గీతలు నాలుగున్నాయి. పెద్దమ్మ ఈ మధ్య ఆయన్ని "ఏ ఊరు బాబూ మీది?" అని అడుగుతోంది. ఆయన ఊరు పేరు చెబుతారు. "మా నాన్న అక్కడికే సంతకొచ్చేవాడు" అంటుంది.

కూతురు ఇద్దర్నీ హైదరాబాద్ తీసుకుపోతానంటోంది. కొత్త ఇంట్లో ఆమెకు బాత్రూమ్ దారి కూడా తెలియదు, సాయంత్రాలు మళ్లీ మొదటికొస్తాయని మాస్టారు భయపడుతున్నారు. ఇద్దరి మాటా నిజమే. ప్రస్తుతానికి సంక్రాంతికి పది రోజులు వెళ్లి చూద్దామని ఒప్పుకున్నారు. రిజిస్టరు పట్టుకెళ్తానన్నారు, చింతపండు బుట్ట కూడా.